వేగదేవతకు నైవేద్యము: బర్ట్ మన్రో జీవితకథ

బాలబాలికలారా! బడి విడిచిన వేళ మోటారు సైకిళ్ళ మెకానికు షాపు ముందు మీలో ఎందరు నిలుచుండి చూచుచుందురో నేను ఎరుగుదును. ఇంటికి ఆలస్యముగ వచ్చినందులకు మీ తల్లిదండ్రులు కసరుకొనుటయు ఎరుగుదును. అట్లు నిలుచుండువారి కొఱకును, కసరుకొనువారి కొఱకును కూడ ఈ జీవితకథను వ్రాయుచున్నాను. ఒకే మోటారు సైకిలును కొని, దానిని ఇంటికొట్టములో దాదాపు అర్ధశతాబ్దము విప్పుచు, బిగించుచు, మార్చుచు, తుదకు ప్రపంచమంతయు తనవైపు చూచునట్లు చేసిన ఒక సామాన్యుని కథ ఇది. ఆయన పేరు హెర్బర్టు జేమ్సు మన్రో. లోకము ఆయనను బర్ట్ మన్రో అని ఎరుగును.

న్యూజీలాండు దేశములోని దక్షిణ దీవికి అడుగుకొసను ఇన్వర్‌కార్గిల్ అను పట్టణము కలదు. దానికి దక్షిణమున కొంత నేల, ఒక జలసంధి, ఒక చిన్న ద్వీపము, ఆపైన సముద్రమే. 19వ శతాబ్దమున స్కాట్లండునుండి వలసవచ్చిన కుటుంబములు ఆ సీమలో విరివిగ స్థిరపడెను. తరములు గడచినను ఆ ప్రాంతమువారి నోట రకారము నేటికిని స్కాచి పద్ధతిని దొర్లుచుండునని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఊరు విడిచినను నాలుక ఊరిని విడువదను సంగతి మన ప్రాంతపు తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు గదా!

ఆ పట్టణముననే 1899వ సంవత్సరము మార్చి 25వ తేదీన మన్రో జన్మించెను. ఆయనతోపాటు పుట్టిన కవల సోదరి పురిటిలోనే మరణించెను. ఈ బిడ్డయు రెండేండ్లు నిండకమునుపే పోవునని వైద్యులు తల్లిదండ్రులతో చెప్పిరట. ఆ బిడ్డ డెబ్బదెనిమిదేండ్లు జీవించెను. అందులో సగమునకు పైగ ప్రాణమును పణముగ నొడ్డుచునే గడపెను.

కుటుంబమునకు ఈడెన్‌డేల్ అను గ్రామమున వ్యవసాయ క్షేత్రముండెను. బాలుడగు మన్రోకు పొలము పనికంటె పొలములోని గుఱ్ఱములయందే మక్కువ మెండు. ఇంటనున్న గుఱ్ఱములలో మిక్కిలి వేగముగలదానినెక్కి చేలకడ్డముగ పరుగెత్తించుచుండెను. తండ్రికి అది కిట్టెడిది కాదు. ఆ పల్లెలో రైలెక్కి పట్టణమునకు పోవుటయే పండుగ. ఇంతలో కార్లు, మోటారు సైకిళ్ళు, విమానములు వచ్చెను. పల్లెటూరి పిల్లవాని మనస్సు ఇక పొలమున నిలుచునా? మొదటి ప్రపంచయుద్ధము వచ్చినప్పుడు, సైన్యమున చేరినచో లోకము చూడవచ్చునని ఉబలాటపడెను గాని, క్షేత్రము అమ్ముడుపోవువరకు ఇంటిపట్టుననే ఉండవలసివచ్చెను. పిదప కొంతకాలము ఓటిరా సొరంగపు పనిలో కూలి చేసెను. దక్షిణ దీవి పర్వతములను తొలిచి 1923లో తెరచిన ఆ రైలు సొరంగము పొడవు ఎనిమిదిన్నర కిలోమీటర్లు. తండ్రి మరల ఒక క్షేత్రము కొనుటచే ఆయనను పిలిపించుకొనెను.

1920వ సంవత్సరమున మన్రో ఒక మోటారు సైకిలు కొనెను. దాని పేరు ఇండియన్ స్కౌటు. ఇండియన్ అనగనే అది మన దేశపు బండియని పొరబడరాదు. అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున స్ప్రింగ్‌ఫీల్డు నగరములో తయారైన బండి అది. ఆ పేరు అమెరికా ఆదివాసులను ఉద్దేశించి పెట్టినది. దానిని రూపొందించినవాడు ఐర్లండు దేశీయుడగు చార్లెస్ ఫ్రాంక్లిన్ అను ఇంజనీరు. రెండు సిలిండర్లు ఇంగ్లీషు వీ అక్షరమువలె వాలియుండును. వాని లోపలి పరిమాణము సుమారు 600 ఘన సెంటీమీటర్లు. మన రోడ్లపై మీరు చూచు బుల్లెట్టు బండి 350 అని చెప్పినచో పోలిక తెలియును. గేర్లు మూడు, వానిని చేతితో మార్చవలెను. మన్రో కొన్న బండి, స్కౌటు రకములో తయారైనవానిలో 627వది. అది కంపెనీనుండి వచ్చిన రూపమున గంటకు 55 మైళ్ళు, అనగా సుమారు 88 కిలోమీటర్లు పోగలిగెడిది. ఆ కాలమున అది తక్కువ వేగము కాదు. మన్రోకు మాత్రము అది చాలలేదు.

1926లో ఆయన బండిని విప్పుట మొదలిడెను. ఇక ఆ విప్పుట బిగించుట జీవితాంతము ఆగలేదు.

ఇచట మన్రో పనితనమును కొంచెము వివరముగ చెప్పవలసియున్నది. ఆయన చరిత్రయంతయు ఆ కొట్టములోనే ఉన్నది గనుక. ఆయనకు కర్మాగారము లేదు. ఇంజనీరింగు పట్టము లేదు. చేతిలో ధనము అంతకంటె లేదు. కావలసిన భాగమును కొనలేడు, మంచి యంత్రశాలలో చేయించుకొనలేడు. కాబట్టి ప్రతి భాగమును తానే చేసికొనెను. పాత రేకు డబ్బాలు మూసలుగ లోహము కరగించి పోత పోసెను. సిలిండర్లకు పాత ఇనుప గ్యాసు పైపులను వాడెను. పిస్టను కదలికను ఇరుసునకు అందించు కనెక్టింగు రాడ్డులను, పాడుపడిన ట్రాక్టరు ఇరుసు ఉక్కునుండి చేతితో కోసి, అరగదీసి తీర్చెనని ప్రసిద్ధి. పిస్టన్లు, ఫ్లైవీళ్ళు, క్యాములు, నూనె ప్రసరించు ఏర్పాటు, అన్నియు స్వహస్తముతో చేసినవే. ఇక కొలతపరికరము? సన్నని కొలతలకు మెకానికులు మైక్రోమీటరు వాడుదురు. మన్రో మైక్రోమీటరు సైకిలు చక్రపు పాత స్పోకు! అది చదివి మీరు నవ్వవచ్చును. అయితే వెంట్రుకవాసి తేడా వచ్చినను పిస్టను పట్టుకొనిపోవు యంత్రమును, స్పోకుతో కొలిచి నడపించిన చేయి ఎంత సాధన చేసినదై ఉండవలెనో ఆలోచించుడు.

ఆయన చేసిన మార్పులలో పెద్దది వాల్వుల మార్పు. ఇంజనులోనికి పెట్రోలు కలిసిన గాలి వచ్చుటకును, కాలిన పొగ వెలికి పోవుటకును తలుపులవంటివి వాల్వులు. స్కౌటులో అవి సిలిండరు ప్రక్కన ఉండెను. గాలి ప్రక్కనుండి లోనికి వచ్చి, మలుపు తిరిగి, మరల ప్రక్కకే పోవలెను. ఇరుకుసందులో మూల తిరుగు ఎడ్లబండివలె అచట గాలి వేగము తగ్గును. మన్రో సిలిండరు తలను క్రొత్తగ చేసి వాల్వులను పైకెక్కించెను. గాలి తిన్నగ పైనుండి దిగును, తిన్నగ పోవును; అదే సమయములో ఎక్కువ గాలి నిండును, ఎక్కువ బలము పుట్టును. దీనితోపాటు సిలిండర్లను పెద్దవి చేయుచు పోయెను. 600 ఘన సెంటీమీటర్ల ఇంజను 1962 నాటికి 850, 1966లో 920, 1967లో 950 అయ్యెను. ఆయనవద్ద 1936వ సంవత్సరపు వెలోసెట్టు అను మరియొక బండియు ఉండెను. దానికిని ఇదే వైద్యము.

బలము పెంచగనే యంత్రము ఊరకుండునా? ఒకచోట బలపరచినచో మరియొకచోట విరుగును. పిస్టను నిలిచినచో రాడ్డు విరుగును. రాడ్డు నిలిచినచో ఇరుసు వంగును. ఇంజను పగిలిన ప్రతిసారియు మన్రో దానిని పూర్తిగ విప్పి, ఏది ముందు విరిగినది, ఎందుచేత విరిగినది అని వెదకి, ఆ భాగమును మరల చేసెడివాడు. విరిగినవానిని పారవేయలేదు. గోడనున్న అరలలో వరుసగ పేర్చి, అవన్నియు వేగదేవతకు తన సమర్పణలని అచట వ్రాసిపెట్టెను. మన ఇండ్లలో ఆయుధపూజనాడు పనిముట్లకు పసుపు కుంకుమలు పెట్టి మ్రొక్కుదుము. అవి పనిచేయు పనిముట్లు. విరిగిన వానిని గౌరవముతో అర మీద నిలిపిన భక్తుడు ఈయనయొక్కడే కాబోలు!

రాత్రియంతయు కొట్టములో పనిచేసి, కన్ను మూయకయే ఉదయమున ఉద్యోగమునకు పోయిన దినములు ఆయనకు పెక్కులు. ఆ ఉద్యోగమైనను మోటారు సైకిళ్ళు అమ్ముటయు, బాగుచేయుటయునే. 1930 ప్రాంతమున లోకమంతట ఆర్థికమాంద్యము వచ్చినప్పుడు, అంతవరకు పందెములలో బండి నడిపి జీవించుచుండిన మన్రో ఇన్వర్‌కార్గిల్‌కు తిరిగి వచ్చి ఈ కొలువున కుదిరెను.

తల్లిదండ్రులు ఈ భాగమును ప్రత్యేకముగ చదువవలెనని నా కోరిక. మన్రో 1927లో వివాహమాడెను. నలుగురు సంతానము కలిగిరి. రాత్రులు యంత్రమునకు, పగళ్ళు కొలువునకు ఇచ్చినవాని ఇంట భార్యాబిడ్డలకు మిగిలినది ఎంత? ఆ దాంపత్యము నిలువలేదు. రెండవ ప్రపంచయుద్ధము తరువాత ఆయన ఉద్యోగమును విడిచి, బండ్లుండు కొట్టములోనే మంచము వేసికొని ఒంటరిగ జీవించెను. ఈయనను గూర్చి వ్రాసినవారిలో కొందరు ఈ సంగతిని వేడుకగ చెప్పుదురు. నాకది వేడుకగ తోచదు. ఆ బండికి అయిన ఖర్చులో ఇదియు ఒకటియని నేను ఎంచుదును. అయితే తండ్రి పిచ్చిని పిల్లలు ద్వేషించినట్లు కనబడదు. ఆ సంగతి ముందు వచ్చును.

ఇన్వర్‌కార్గిల్‌కు పడమట ఒరెటీ అను సముద్రతీరము కలదు. పోటు తీసినప్పుడు తడి ఇసుక గట్టిపడి, మైళ్ళకొలది రోడ్డువలె పరచుకొనును. మన్రోకు అదియే పరీక్షాశాల. 1938లో ఆయన తొలిసారి న్యూజీలాండు వేగపు రికార్డును నెలకొల్పెను. తరువాత మరి ఏడు నెలకొల్పెను. 1957లో ఆ తీరముననే గంటకు 131.38 మైళ్ళు, అనగా 211 కిలోమీటర్లకు పైగ పోయెను. ఆ యేడే ఒక అమెరికా పత్రిక ఆయన పేరును తప్పుగ అచ్చువేసినదట. అంతవరకు బెర్ట్ అని వ్రాసికొనుచుండినవాడు, అది బాగున్నదని నాటినుండి బర్ట్ అయ్యెను! అప్పటికి వయస్సు ఏబదెనిమిది. ఆ ప్రాంతముననే గుండెనొప్పియు ఆరంభమయ్యెను.

సముద్రతీరము ఇక చాలదు. అమెరికాలో యూటా రాష్ట్రమున బోనవిల్ అను ఉప్పునేల కలదు. పూర్వయుగమున అచటనున్న మహాసరస్సు ఎండిపోగా మిగిలిన ఉప్పు, తెల్లని గచ్చువలె కనుచూపుమేర పరచుకొనియున్నది. చెట్టు లేదు, మిట్ట లేదు. వేగపు రికార్డుల కొఱకు లోకములోని సాహసికులందరు అచటికి పోవుదురు. మన్రో అచటికి పదిసార్లు పోయెను. మొదటిసారి చూచివచ్చుటకే; తక్కిన తొమ్మిదిసార్లును బండి నడిపెను. ఇల్లు విడిచి, బండిని ఓడమీద మహాసముద్రము దాటించి, అమెరికాలో చౌకగ ఒక పాత కారును కొని, దానికి బండిని తగిలించుకొని, పెన్షను వయస్సులో ఒంటరిగ ప్రయాణము చేసెను.

మీరిక్కడ ఒక లెక్క గమనింపవలెను. వేగము పెరిగినకొలది ఎదురుగాలి పెనుగోడవలె అడ్డుపడును. వేగము రెండింతలైనచో దానిని ఛేదించుటకు కావలసిన యంత్రబలము రెండింతలు కాదు, ఎనిమిదింతలు, మూడింతలైనచో ఇరువదియేడింతలు. గణితము మాష్టరుగారి నడిగినచో ఘనముల పాఠము మరల చెప్పుదురు. కాబట్టి ఇంజను బలముతోనే పని జరుగదు. గాలి జారిపోవునట్లు బండికి తొడుగు కావలెను. మన్రో చేపవంటి ఆకృతిగల ఎఱ్ఱని తొడుగును తానే చేసి, బండి మొత్తమును, బోర్లపడుకొన్నట్లు వంగిన తన శరీరమును అందులో ఇమిడ్చెను. తోటలోని కొలనులో బంగారుచేపను చూచి ఆ ఆకృతిని తలచెనని ఒక కథ చెప్పుదురు. అయితే తొడుగులో చిక్కు ఒకటున్నది. గాలిని చీల్చు రూపము, గాలి తోసినచో ఊగులాడును. ఒక పరుగులో బండి ఘోరముగ వణకుట మొదలయ్యెను. వేగము తగ్గించుటకు ఆయన పైకి లేచి కూర్చుండెను. ఆ గాలిదెబ్బకు కంటి అద్దములు ఎగిరిపోయెను. కనుగ్రుడ్లు లోనికి నొక్కుకొని ఏమియు కనబడలేదు. దారి తప్పి, ఉప్పులో పాతిన ఉక్కు గుంజను రెప్పపాటులో తప్పించుకొని, బండిని ప్రక్కకు పడవేసెను. చిన్న గాయములతో బయటపడెను. అదృష్టము ఆయన పక్షమున ఉండెననుట కంటె వేరు మాట లేదు.

ఒక మాట ఇచటనే చెప్పి ముందుకు పోయెదను. మన్రో ఈ వేగమును పరీక్షించినది ఆ సమయమున పందెమునకు కేటాయించిన ఇసుకమీదను, ఉప్పుమీదను, బజారులో కాదు. మన దేశమున 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము కంపెనీ నిర్దేశించినదానికి భిన్నముగ బండిని మార్చి రోడ్డుమీద నడపరాదు. సైలెన్సరు పీకివేసి వీధిలో మ్రోత చేయువారిని చూచి ఎవరైనను మన్రోను తలచినచో ఆ పెద్దమనిషికి అన్యాయము చేసినట్లే. ఆయన కొట్టములో ఇరువది సంవత్సరములు పనిచేసిన తరువాత కలిగిన వేగము, వీరికి ఇరువది నిమిషములలో కావలెను!

బోనవిల్‌లో రికార్డు కట్టు పద్ధతియు తెలియదగినది. ఒకవైపు పోయిన చాలదు. గాలి వెనుకనుండి తోసిన లాభము కొట్టివేయుటకు, నిర్ణీతకాలములో ఎదురుదిశను కూడ అదే దూరము పోవలెను. రెండు పరుగుల సగటే రికార్డు. 1962లో, అరువదిమూడవ యేట, 850 ఘన సెంటీమీటర్ల ఇంజనుతో మన్రో గంటకు 178.95 మైళ్ళు, అనగా 288 కిలోమీటర్లు పోయి తన తరగతిలో రికార్డు సాధించెను. 1966లో 168.07 మైళ్ళు. 1967 ఆగస్టులో 950 ఘన సెంటీమీటర్ల ఇంజనుతో, వెయ్యి లోపు ఇంజనుల తరగతిలో, 183.586 మైళ్ళు. రికార్డు పరుగునకు అర్హత సంపాదించు ఒకవైపు పరుగులో 190.07 మైళ్ళు, అనగా సుమారు 306 కిలోమీటర్లు కూడ పోయెను. అంత వేగము ఇండియన్ బండిపై అధికారికముగ అంతవరకెవ్వరును చూపలేదు. అప్పటికి సవారికి అరువదెనిమిదేండ్లు, బండికి నలుబదియేడేండ్లు. బండిని తయారుచేసిన అసలు కంపెనీ 1953లోనే ఉత్పత్తి ఆపివేసియుండెను. తల్లి పోయినను బిడ్డ పరుగెత్తుచునే ఉండెను.

1977లో మన్రోకు పక్షవాతము వచ్చెను. ఆస్పత్రినుండి తిరిగివచ్చునప్పటికి కాలుసేతులు మునుపటివలె మాట వినుట మానెను. స్పోకుతో కొలతలు తీసిన చేయి అది! ఇక బండ్లను చూడగలవారెవరని ఆలోచించి, అవి తన ప్రాంతము దాటిపోరాదను కోరికతో, ఇన్వర్‌కార్గిల్‌లోని హేయిస్ అను ఇనుపసామానుల దుకాణమువారికి రెంటిని అమ్మివేసెను. 1978 జనవరి 6వ తేదీన మరణించెను. స్వస్థలమందలి శ్మశానమున తల్లిదండ్రుల చెంతనే ఆయనను ఖననము చేసిరి.

ఆయన బ్రతికియుండగనే రోజర్ డొనాల్డ్‌సన్ అను దర్శకుడు ఆయనపై డాక్యుమెంటరీ తీసియుండెను. ఆ దర్శకుడే 2005లో, ఆంథొనీ హాప్‌కిన్స్ నాయకుడుగ, ఒక పెద్ద చిత్రము తీయగా మన్రో పేరు దేశదేశముల పాకెను. చిత్రము ఇంపైనదే గాని, కల్పితములు అందు పెక్కులు కలవు. దానినే చరిత్రయని నమ్మరాదు. మరుసటి యేడాదినుండి ఇన్వర్‌కార్గిల్‌లో ఆయన పేరిట మోటారు సైకిళ్ళ పందెములు ఆరంభమయ్యెను.

ఇక ఆయన కుమారుని సంగతి. జాన్ మన్రో 1967 నాటి కాగితములను చూచుచు, ఆనాటి రెండు పరుగుల సగటు కట్టుటలో తప్పు దొర్లినట్లు కనిపెట్టెను. అమెరికా మోటారు సైకిలు సంఘమువారికి ఆ విషయము తెలియజేసెను. వారు లెక్క సరిచూచి, తప్పు నిజమేనని ఒప్పుకొని, 2014లో, అనగా మన్రో మరణించిన ముప్పదియారేండ్లకు, రికార్డును 184.087 మైళ్ళుగ సవరించి ప్రకటించిరి. తేడా గంటకు అర మైలు మాత్రమే. ఆ అర మైలు కొఱకు తండ్రి ఎన్ని రాత్రులు మేలుకొనెనో కుమారునికి తెలియును. సవరించిన అంకె పట్టికకెక్కిన నాటికి, ఆ 627వ నంబరు ఇంజను ఇన్వర్‌కార్గిల్‌లో మేకులు, సుత్తెలు, ఆకురాళ్ళు అమ్ము దుకాణములోనే ఉన్నది.